గేరుపెట్టె కింది బిరడా

మా ముత్తాతగారు ఒక జమీకి దివాను. జమీందారుగారు మద్రాసులో ఉన్నన్నాళ్ళూ ఇక్కడి ఊళ్ళన్నిటికీ ఆయన మాటే శాసనం. మా తాతగారు తాలూకా బోర్డులో మెంబరుగా ఉండి రోడ్లు వేయించారు, వంతెనలు కట్టించారు. కలెక్టరు దొర క్యాంపుకు వస్తే డేరాలు మా మామిడితోటలోనే పడేవి. మా నాన్నగారు ఏ పదవీ చేయలేదు. ఆ ఇద్దరికీ వారసుడిగా ఉండటమే ఆయన చేసిన పని. ఆ పని ఆయన ఒక్కరోజు కూడా మానలేదు. పేర్లు రాయను. తెలిసినవారికి చెప్పనక్కరలేదు, తెలియనివారికి ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు.

ఏలూరు కాలువ ఒడ్డున మా ఊరు. మా ఊరి ఆడపిల్లను చేసుకోవడానికి పొరుగూరినుంచి పెళ్ళికొడుకు వస్తే, పొలిమేర దగ్గర ఎదుర్కోలు జరిగాక అతన్ని విడిదికి తీసుకువచ్చేది మా ఇంటి పల్లకీ. అద్దెకు కాదు, మర్యాదకు. ఎవరికి పంపాలో, ఎవరికి పంపకూడదో కూడా మా ముత్తాతగారే నిర్ణయించారు. ఆ కాలం అలాంటిది. అందుకు బదులుగా పెళ్ళిలో మొదటి తాంబూలం మా ఇంటికి వచ్చేది. పెళ్ళికూతురి తండ్రి స్వయంగా తెచ్చి మా వీధి అరుగు మీద పెట్టేవాడు. ఆ తాంబూలం వచ్చాకే మిగిలినవారికి పంచేవారు.

పల్లకీ మోసే బోయీలు ముసలివాళ్ళయ్యాక మా తాతగారు మద్రాసులో ఒక మోటారు కొన్నారు. పైన గుడ్డ టాపు, పక్కన ఇత్తడి బూర ఉన్న పెద్ద బండి. రైల్లో బెజవాడ వచ్చి దిగింది. ఆనాటినుంచి పల్లకీ మర్యాద మోటారుకు సంక్రమించింది. పల్లకీ మాత్రం వడ్లకొట్టు పైన అటక మీదికి చేరి చెదలకు ఆహారమైంది.

మోటారు నడపడానికి మా తాతగారు కొత్తవాణ్ణి పెట్టుకోలేదు. కాలువ మీద మా ధాన్యం పడవ నడిపే సరంగునే బెజవాడ పంపి నేర్పించుకువచ్చారు. అతను తెలివైనవాడు, నమ్మకస్తుడు. కాని చివరిదాకా మనసులో పడవ సరంగే. స్టీరింగును చుక్కాని అనేవాడు. మోటారును షెడ్డులో పెట్టడాన్ని ఒడ్డుకు చేర్చడం అనేవాడు.

మా షెడ్డుకు గచ్చునేల వేయించారు తాతగారు. రోజూ ఉదయం చేతికర్రతో వచ్చి నేల చూసేవారు. ఒకనాడు మోటారు నడిమి భాగం కింద నల్లటి నూనె చుక్క కనపడింది. ఆయన కర్ర కొనతో దాన్ని చూపి, "రేపటినుంచి ఇది కనపడకూడదు" అన్నారట. అంతకుమించి ఒక్క మాట కూడా అనలేదు.

సరంగుకు తెలిసిన మందు ఒకటే. పడవ పలకల సందుల్లో నీరు ఊరకుండా ఏం చేస్తారో అతను అదే చేశాడు. గుగ్గిలం పొడి చేసి, నూనెలో వేసి కాచి, అందులో నూలుపోగులు ముంచి, గేరుపెట్టె కింద నూనె వదలడానికి ఉండే ఇనుప బిరడా మరలకు వాటిని చుట్టి, వేడిమీదనే బిగించేశాడు. అంతటితో ఆగక ఆ పెట్టెకు పైన ఉన్న మూతకూ, మూత మరలకూ కూడా అదే పోశాడు. మర్నాటినుంచి మా తాతగారి గచ్చు మీద చుక్క పడలేదు. ఆయన సంతోషించి సరంగుకు పంచెల చాపు ఇచ్చారు. ఇదంతా నా చిన్నతనంలో జరిగిన సంగతి. అప్పుడు ఇంట్లో దీన్ని గొప్పగా చెప్పుకునేవారు.

తాతగారు పోయారు. ఆయన వెనకాలే భూములు ఒకటొకటిగా పోయాయి. ఆ కథ వేరు. నేను బెజవాడలో కాలేజీ చదువు సగంలో మానుకొని ఇంటికి వచ్చేసరికి యుద్ధం నడుస్తున్నది. సరంగు మిలిటరీ లారీలు నడపడానికి పేరు రాయించుకొని అస్సాం వైపు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు బండి అప్పగిస్తూ, "గేరునూనె బెజవాడలో దొరకటంలా చినబాబుగారూ. మనింటి ఆముదమే పోస్తన్నా. తగ్గినప్పుడల్లా తమరూ అదే పొయ్యండి" అని చెప్పాడు. పెట్టె పక్కన ఉన్న వేలు పట్టని బెజ్జంలోంచి నేను అలాగే పోశాను. పెట్రోలు కూపన్ల మీద కాస్త కాస్త దొరికేది. అందుకని బండి ఎక్కువ తీసేవాళ్ళం కాదు. పెళ్ళిళ్ళకు మాత్రం తీసేవాళ్ళం.

ఆ మాఘమాసంలో నేతవారి పేటలో పెళ్ళి నిశ్చయమైంది. పెళ్ళికూతురి తండ్రి ఆ పేటకు పెద్ద. సన్నగా, కొంచెం ముందుకు వంగి ఉండేవాడు; మగ్గం గుంటలో కూర్చొని కూర్చొని నడుము అలా నిలిచిపోయింది. యుద్ధంలో నూలు దొరక్క పేటలో సగం మగ్గాలు మూలపడినా, ఉన్నంతలో ఘనంగా చేయాలని అతని తాపత్రయం. పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టుకొని వచ్చి మా అరుగు కింద నిలబడ్డాడు.

"అయ్యగారూ, మాది పెడన సంబంధం. పెళ్ళోరు బస్సులో జంక్షన్ దాకా వచ్చి, ఆణ్ణించి బండ్లమీద పొలిమేరకొస్తారు. తమరు మోటారు దయచేయించాలి" అన్నాడు.

నాన్నగారు తలూపి, "వస్తుంది" అన్నారు.

అతను వెళ్ళలేదు. తలగుడ్డ చివర నలుపుతూ, "మిల్లు ఆసామి గూడా కబురు పెట్టారండి. కొత్త కారుంది, కావాలంటే తీసకపొమ్మని. నేను వద్దన్నాను. దివాన్‌గారింటి బండి ఉండగా మాకెందుకండీ అన్నాను" అన్నాడు.

ఆ మిల్లు ఆసామి తండ్రి మా కళ్ళంలో ధాన్యం కొలిచిన మనిషి. కొడుకు యుద్ధంలో బియ్యం మీద పైకి వచ్చాడు. కిందటి దసరాకు కారు కొని ఊరంతా తిప్పాడు. నాన్నగారు ఆ కారు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. అది ఎదురైతే రోడ్డు వైపు చూసేవారు కాదు. ఈ పెళ్ళికి మా మోటారు వెళ్ళకపోతే ఆ కారు వెళుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు. ఒకసారి వెళితే మళ్ళీ మా గుమ్మానికి ఎవరూ పళ్ళెం పట్టుకొని రారని మాకు తెలుసు.

ఆ సాయంత్రమే నేను బండి తీసి చూడబోయాను. ఇంజను మోగింది. గేరు కడ్డీ కదలలేదు. రెండు చేతులతో లాగినా, కాలితో తన్నినా, మధ్యలో నిలబడ్డది నిలబడ్డట్టే ఉంది.

మర్నాడు బొగ్గు గ్యాసుతో నడిచే బస్సెక్కి బెజవాడ వెళ్ళాను. ఇప్పుడు ఆటోనగర్ ఉన్న చోట అప్పుడు చేలు. మోటార్ల పని తెలిసిన షెడ్లు రైల్వే స్టేషను చుట్టుపక్కల కొద్దిగా ఉండేవి. వాటి నిండా మిలిటరీ లారీలే. నాకు కొంచెం ముఖపరిచయం ఉన్న మేస్త్రీ లారీ కిందినుంచి తల మాత్రం బయటపెట్టి మాట్లాడాడు.

"పెట్టెలో ఏం పోశారండీ?"

"ఆముదం."

"తలకి పెట్టుకుంటేనే నిద్రొస్తది గదండీ. మరి గేర్లు మాత్రం నిద్రపోవా?" అని తనే నవ్వాడు. తరవాత చెప్పాడు: "అదంతా జిగురైపోయుంటది. కింద బిరడా తీసి మొత్తం కార్చెయ్యండి. కిరసనాయిలుతో కడగండి. అసలు నూనె నా దగ్గర కాస్తుంది, ఇస్తా. పొయ్యండి. గుర్రంలా పోద్ది."

"నువ్వు ఒక్కసారి రాలేవా?"

"ఈ లారీలొదిలి వస్తే దొరలు నన్ను లోపలేస్తారండి. బిరడా తియ్యటానికి నేనెందుకండీ? పానా పెట్టి తిప్పితే అదే వస్తది."

నూనె డబ్బా ఒళ్ళో పెట్టుకొని సాయంత్రం బస్సులో తిరిగి వచ్చాను. ఆ దారంతా నా మనసు నిబ్బరంగానే ఉంది. పానా పెట్టి తిప్పితే వస్తుందన్న మాట నాకు నచ్చింది.

పొద్దున్నే పాలేళ్ళు బండిని షెడ్డులోంచి తోసి, దుంగల మీద ఎత్తి నిలిపారు. కింద గోనెపట్టా పరుచుకొని నేను పడుకున్నాను. మా వంశంలో మోటారు కింద వెల్లకిలా పడుకున్న మొదటివాణ్ణి నేనే అయి ఉంటాను. నాన్నగారు ఇస్త్రీ పంచె, ఉత్తరీయం వేసుకొని, ఆరుబయట కుర్చీ వేయించుకొని నిటారుగా కూర్చున్నారు. అక్కడినుంచి ఆయనకు నా పాదాలు తప్ప ఏమీ కనపడవు.

బిరడా తల నలుపలకలుగా ఉంది. పానా వేసి తిప్పాను. రాలేదు. పానా చివర గొట్టం తొడిగి లాగాను. పానా జారి నా మోచేయి ఇనుముకు కొట్టుకుంది. మళ్ళీ వేశాను, మళ్ళీ జారింది. జారినప్పుడల్లా బిరడా తల అంచులు కొంచెం కొంచెం అరుగుతున్నాయని నా వేళ్ళకు తెలుస్తూనే ఉంది. అయినా తిప్పడం తప్ప వేరే ఏం చేయాలో తెలియలేదు.

"అయిందా?" అన్నారు నాన్నగారు.

"లేదండీ."

అప్పటికి ఊళ్ళో పనిలేని వాళ్ళంతా చేరారు. కాలువలో పడవ లంగరు వేసుకున్నవాళ్ళు కూడా వచ్చి చూస్తున్నారు. నేను కత్తిమొనతో బిరడా చుట్టూ గీకితే, తేనెరంగులో గాజులా గట్టిగా ఉన్నది ఏదో పెళుసుగా రాలింది. చేతిలో పట్టుకొని బయటకు వచ్చాను. పడవవాళ్ళలో ఒకడు దాన్ని తీసుకొని, గోటితో గిల్లి, వాసన చూశాడు.

"ఇది గుగ్గిలమండీ బాబూ. మా పడవకి పెడతామే, అదే. నూలుపోగు గూడా ఉంది చూడండి."

వెనకనుంచి ఇంకొకడు, "అయితే అది కారు గాదురా, పడవ. గట్టు మీద పెట్టి తిప్పుతారేంటి, కాలవలో దింపండి. జంక్షన్ దాకా దానంతటదే పోద్ది" అన్నాడు.

"చుక్కాని ఉందిగా! తెరచాప కట్టుకోటమే తరవాయి."

"టాపుందిగా, అదే తెరచాప."

అందరూ నవ్వారు. నాన్నగారు కుర్చీలోంచి తల తిప్పి ఒక్కసారి చూశారు. నవ్వు ఆగింది. ఆయన చూపుకు ఇంకా ఆ బలం ఉండేది. కాని పక్క గోడ వెనక్కి వెళ్ళి నవ్వడం నాకు వినిపించింది.

మోటారు కింద గుగ్గిలం ఏమిటని మొదట నాకే అర్థం కాలేదు. తరవాత తాతగారి కర్ర, గచ్చు మీది నూనె చుక్క, సరంగుకు ఇచ్చిన పంచెల చాపు, అన్నీ గుర్తుకు వచ్చాయి. బిరడా అన్నది మళ్ళీ తీయడానికి పెట్టేదని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. కారకూడదని తాతగారు అన్నారు, కారకుండా చేశాడు సరంగు. పడవ పలకను మళ్ళీ ఊడదీసే అవసరం ఎవరికి వస్తుంది?

గుగ్గిలం వేడికి కరుగుతుందని పడవవాడు చెప్పాడు. అది అందరికీ తెలిసిన విషయమే. మా అమ్మ కాగులో నీళ్ళు మరిగించి పంపింది. గోనెలు ఆ నీళ్ళలో ముంచి బిరడాకు పట్టీలు వేశాము. నా చేతులు బొబ్బలెక్కాయి. ఆ పెద్ద ఇనుప పెట్టె, దాని లోపల గడ్డకట్టిన ఆముదం, ఆ వేడిని తాగేసి ఊరుకున్నాయి. పైనుంచి మూత తీసి నూనె తోడదామని బండి లోపల కాళ్ళ దగ్గరి చెక్కపలకలు ఊడదీశాను. ఆ మూత మరలు కూడా అదే తేనెరంగులో మెరుస్తున్నాయి. అక్కడ పానా తిరగడానికి చోటే లేదు.

"మంట పెట్టాలండీ" అన్నారు ఎవరో.

"పెట్రోలు బండి కింద మంటా?" అన్నారు నాన్నగారు. ఆ రోజుకు అది అక్కడే ఆగిపోయింది.

మర్నాడు కమ్మరిని పిలిపించాము. అతను బండి కిందికి దూరి, చాలాసేపు చూసి బయటకు వచ్చి, "మంట వద్దండి. కడ్డీ ఎర్రగా కాల్చుకొచ్చి బిరడాకే ఆనిస్తా. అది ఒక్కటే వేడెక్కుద్ది. తల అరిగిపోయింది గాబట్టి దానికి సరిపోను కొత్త పానా కొట్టుకొస్తా. ముందు పెట్రోలు తీయించెయ్యండి" అన్నాడు. మాట నమ్మకంగా ఉంది. పెట్రోలు డబ్బాలోకి తీయించి ఇంట్లోకి పంపాను. మా అమ్మ భయపడి దాన్ని వంటింటికి వీలైనంత దూరంగా, తను పడుకునే మంచం కింద పెట్టుకుంది.

కమ్మరి కొలిమి మా దొడ్డి గోడ అవతలే. అతను పట్టకారుతో ఎర్రటి కడ్డీ పట్టుకొని పరుగున వచ్చి, బండి కిందికి దూరి ఆనించేవాడు. అది నల్లబడగానే మళ్ళీ కొలిమికి. అలా ఎన్నిసార్లు తిరిగాడో. చివరకు బిరడా చుట్టూ పొగ లేచింది. గుగ్గిలం వాసన దొడ్డంతా వ్యాపించింది. పూజ వేళ అనుకొని మా అమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. కరిగిన గుగ్గిలం ఒక్క బొట్టు జారి గోనె మీద పడింది.

"ఇప్పుడండీ! పట్టండి!" అన్నాడు కమ్మరి.

కొత్త పానా చివర ఇద్దరం పట్టుకున్నాము. ఆ క్షణం ఇప్పటికీ నా చేతుల్లో ఉంది. బిరడా కదిలింది. కిర్రుమని కాదు, మెత్తగా, పావు వంతు తిరిగింది. బయట నిలబడ్డవాళ్ళు నా పాదాలను బట్టి ఏం గ్రహించారో గాని, "వచ్చింది, వచ్చింది" అని అరిచారు. నాన్నగారు కుర్చీలోంచి లేచారని తరవాత అమ్మ చెప్పింది. ఇంకొంచెం బలం వేశాము. టప్‌మని చప్పుడైంది. పానా మా చేతుల్లోకి తేలిగ్గా వచ్చేసింది. బిరడా తల పానాలో ఉంది. మిగిలినది పెట్టె అడుగుతో సమానంగా, నున్నగా, లోపలే ఉండిపోయింది. ఒక్క చుక్క కూడా కారలేదు.

కమ్మరి అలాగే పడుకొని పైకి చూస్తూ ఉండిపోయాడు. "నా చేతిలో ఇరిగిందండీ" అన్నాడు. కాసేపటికి మళ్ళీ, "నా చేతిలోనే ఇరిగింది" అన్నాడు.

"అయిందా?" అన్న గొంతు బయటినుంచి వినపడింది.

నేను బండి కిందినుంచి బయటకు రాలేదు. పైన ఆ పెద్ద బండి, కాళ్ళ వైపు ఊరి జనం, వాళ్ళ వెనక కుర్చీ. నాకు తెలిసిన చదువంతా, మా తాతల పేరంతా, ఆ వేలెడంత ఇనుపముక్క ముందు ఎందుకూ కొరగాలేదు. కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. సరంగు చెప్పినట్టు చేశాడు. తాతగారు చెప్పవలసింది చెప్పారు. కమ్మరి తెలిసినంత చేశాడు. ఇనుము కూడా తన పని తాను చేసింది.

ఆ సాయంత్రం పెళ్ళికూతురి తండ్రి వచ్చాడు. తెల్లవారితే ఎదుర్కోలు. సంగతి ఊరంతా తెలిసినా, తెలియనట్టే మాట్లాడాడు.

"అయ్యగారూ, మోటారు ఇంజను నడవకపోతే నడవకపోయింది, ఏముందండీ? చక్రాలు తిరుగుతన్నాయి గదా. మా పేట కుర్రాళ్ళు పదిమంది తోస్తారు. లేదంటే మంచి ఎడ్ల జత ఉంది, గంటలు కట్టి, పూలేసి, బండికి పూనుస్తాం. పెళ్ళికొడుకు తమరి బండిలో కూకుంటే చాలు. మాకు అదే మర్యాద."

అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. వెటకారం ఏమీ లేదు. ఆ రోజుల్లో పెట్రోలు లేక అలా ఎడ్లు కట్టి లాగించుకున్న కార్లు నేను బెజవాడ రోడ్డు మీద చూశాను.

నాన్నగారు "మా మోటారుకు ఎడ్లా?" అన్నారు.

"తప్పేముందండీ..."

"తప్పని నేనలేదు. మా బండి వెళితే దానంతట అది వెళుతుంది. లేకపోతే వెళ్ళదు."

అతను నా వైపు చూశాడు. నేను చదువుకున్నవాణ్ణి, పడుచువాణ్ణి, సర్దిచెబుతానని అతని ఆశ. నేను కూడా కాదనే అన్నాను. ఇప్పుడడిగినా అదే అంటాను. ఎడ్లు లాగే మోటారులో కూర్చున్న పెళ్ళికొడుకును చూసి పెడన వాళ్ళు ఏమనుకుంటారన్నది కాదు. మేము పంపినది మర్యాద కావాలి గాని, మా మీద జాలితో వాళ్ళు లాక్కుపోయినది కాకూడదు.

"అయితే ఎట్టా అయ్యగారూ? పెళ్ళోరు పొలిమేరలో నిలబడుంటారు. మిల్లు ఆసామిని నేను అడగలేనండీ. దివాన్‌గారి బండి ఉంది, వద్దని మొన్న నా నోటితోనే చెప్పా. తమరు ఒక్క మాటంటే..." అన్నాడు. కూతురి పెళ్ళి అతనిది. మేము ఇద్దరం అతని ఎదుట నిటారుగా నిలబడి ఉన్నాము.

నాన్నగారు ఉత్తరీయం సర్దుకొని లోపలికి వెళ్ళిపోయారు. తలుపు వేసుకోలేదు, అలా చేస్తే ఓడినట్టు అవుతుంది. లోపలి గదిలో పడకకుర్చీ కిర్రుమన్న చప్పుడు మా ఇద్దరికీ వినపడింది.

"నువ్వు ఇంటికి పో. నేను కబురు చేస్తాను" అన్నాను.

చొక్కా మార్చుకున్నాను. చేతులకు అంటిన ఆముదం, మసి ఎంత కడిగినా పోలేదు. అలాగే మిల్లుకు వెళ్ళాను. మా ఇంటినుంచి ఒక మనిషి ఆ మిల్లు గుమ్మం ఎక్కడం అదే మొదలు. ఆసామి లెక్కల గదిలోంచి ఎదురు వచ్చాడు. లావుగా, నవ్వుమొహంగా ఉండేవాడు. తౌడు వాసన వేసే కుర్చీని తుండుగుడ్డతో తుడిచాడు.

"దయచెయ్యండి చినబాబుగారూ, దయచెయ్యండి. ఎప్పుడన్నా వచ్చారా మా మిల్లుకి! కూర్చోండి."

నేను కూర్చోలేదు. "రేపు నేతవారి పెళ్ళికి మీ కారు కావాలి" అన్నాను.

"ఆయన వద్దన్నాడు గదండీ?"

"ఇప్పుడు మేము చెబుతున్నాము. అతను అడిగినట్టు కాదు. మా ఇంటినుంచి అడిగినట్టు."

అతను నా చేతుల వైపు చూశాడు. ఆ మసి చూసి సంగతి అంతా గ్రహించాడు, నిజానికి ముందే తెలుసు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. చేసి ఉంటే నాకు బాగుండేది.

"దానికేమండీ, తప్పకుండా పంపిస్తా. పొలిమేరకి మా డ్రైవరు వస్తాడు. ఒక్క మనవండీ. ముందు సీట్లో డ్రైవరు పక్కన తమరు కూర్చోవాలి. కారు నాదైనా మర్యాద తమరి ఇంటిదే గదా. అట్టా అయితే ఎవరికీ మాట రాదు. ఏమంటారు?"

అంత మంచిమాట అతను అంటాడని నేను సిద్ధపడి వెళ్ళలేదు. "చూద్దాం" అని మాత్రం అన్నాను. తిరిగి వస్తుంటే మిల్లు పళ్ళచక్రాల మోత నా వెనక చాలా దూరం వినపడుతూనే ఉంది.

ఇంటికి వచ్చి నాన్నగారితో చెప్పాను. ఆయన కళ్ళు తెరవకుండానే, "నీ ఇష్టం" అన్నారు. ఆ మాట ఆయన అంతకుముందు నాతో ఎన్నడూ అనలేదు. ఆ కారు నేను ఎక్కకూడదని నాకు అంతటితో తెలిసిపోయింది.

మర్నాడు నేను వెళ్ళలేదు. మా వీధి అరుగు మీద ఇద్దరం కూర్చున్నాము. సన్నాయి ముందు వినపడింది. తరవాత ఆ కొత్త కారు హారను. అది మా ఇంటి ముందుకు వచ్చేసరికి డ్రైవరు వేగం తగ్గించాడు. యజమాని చెప్పి ఉంటాడు. ముందు సీటు ఖాళీగా ఉంది. వెనక పెళ్ళికొడుకు బాసికంతో తల వంచుకొని కూర్చున్నాడు. మా ఇల్లు ఏదో, మేము ఎవరమో అతనికి తెలియదు. జనం మమ్మల్ని చూసి నమస్కారాలు చేశారు. నాన్నగారు ఒక్కొక్కరికీ తల వంచారు. ఎవరినీ వదల్లేదు. కారు మలుపు తిరిగాక కూడా అలాగే కూర్చున్నారు.

మధ్యాహ్నం పెళ్ళికూతురి తండ్రి పళ్ళెం తెచ్చాడు. మొదటి తాంబూలం. కొత్త పంచెలో ఉన్నాడు, తను నేసినదే అయి ఉంటుంది. అరుగు మీద పెట్టబోతుంటే నాన్నగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"బండి ఎవరిది?"

"అయ్యగారూ, మాకు తమరే..."

"బండి పంపినవాడికి ఇవ్వు. అది పద్ధతి. మా తాతగారు పెట్టిన పద్ధతి. నేను మార్చను."

"అయ్యగారూ, నన్ను ఇట్టా ఒట్టిచేతుల్తో పంపకండి. మా ఆడోళ్ళు అడుగుతారండీ."

"ఒట్టి చేతులేమిటి? పళ్ళెం నిండుగా ఉంది. తీసుకువెళ్ళు. పిల్ల చల్లగా ఉండాలి."

అతను చాలాసేపు నిలబడ్డాడు. పళ్ళెం బరువు లేకపోయినా అతని చేతులు కిందికి వాలుతున్నాయి. ఆఖరికి వెనక్కి తిరిగి, ఎండలో, మిల్లు వైపు నడిచాడు. ఆ వంగిన వీపు మలుపు దాటేదాకా నేను చూస్తూనే ఉన్నాను. అతన్ని ఆపి పళ్ళెం తీసుకోవాలని అనిపించింది. నాన్నగారి పక్కన కూర్చొని ఆ పని చేయడం నావల్ల కాలేదు. చేయవలసిన పని అవునో కాదో కూడా నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ మాఘంలోనే ఊళ్ళో ఇంకా పెళ్ళిళ్ళు జరిగాయి. మా అరుగు కిందికి ఎవరూ రాలేదు. వాళ్ళ తప్పేమీ లేదు. వచ్చి అడిగి, లేదనిపించుకొని, మమ్మల్ని నొప్పించడం ఇష్టంలేక రాలేదు. మోటారు దుంగల మీదనే కొంతకాలం ఉంది. నేను అప్పుడప్పుడు కిందికి దూరి, ఆ నున్నటి చోట వేలు పెట్టి చూసేవాణ్ణి. ఉలితో తొలవవచ్చేమోనని ఒకసారి ప్రయత్నించాను. పెట్టె అంచు బీటవేసింది. ఆ రోజుతో మానేశాను.

ఎండాకాలం వచ్చేసరికి టైర్లు గుడివాడ దగ్గర ఒక బండ్ల ఆసామికి అమ్మాము. ఇంజను మైలవరం వైపు రైతు ఒకడు బావిలో నీళ్ళు తోడుకోవడానికి కొన్నాడు. తక్కినది, గేరుపెట్టెతో సహా, బెజవాడ పాతినుము వర్తకుడికి తూకానికి ఇచ్చేశాము.